పొగోడ కూత

మా అమ్మమ్మ ఇల్లు, ఇంటి ముందు ఏరు, ఏట్లో పొగోడ. నాకు ఊహ తెలిసేసరికే ఈ మూడూ ఒక వరసలో ఉన్నాయి. అంచేత లోకంలో అందరి అమ్మమ్మల ఇళ్ల ముందూ ఒక్కో ఓడ కట్టేసి ఉంటుందనుకున్నాను. పలాస బళ్లో నా పక్కన కూర్చునే పిల్లని "మీ అమ్మమ్మగారి ఓడకి కిటికీలెన్ని?" అని అడిగితే అది పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. దాని జడ పట్టుకుని లాగాను. నా కోపం అప్పుడూ ఇప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. అలాంటి ఓడ ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదని ఇంటికెళ్లాక అమ్మ చెప్పింది. కోపం పోయి గర్వం వచ్చింది. అదింకా పోలేదు.

నిజానికి ఓడ మాది కాదు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ఏ దొరో షికారు కోసం చేయించుకున్న ఆవిరి పడవ అది. బస్తాలు మొయ్యడానికీ పనికిరాదు, వల వెయ్యడానికీ పనికిరాదు. ఊరికే కూర్చుని నీళ్లని చూస్తూ పోవడానికి ఒక ఓడ కట్టించుకున్న మనిషి ఎంత తీరుబాటుగా బతికి ఉంటాడోనని నాకిప్పటికీ ఆశ్చర్యమే. చేతులు మారి మారి మా వైపు జమీందారు ఒకాయన దగ్గరికి చేరింది. ఆయన కాలం చేశాక, ఏరు సముద్రంలో కలిసే చోట, రెండు ఇనప దిమ్మలకి గొలుసులతో కట్టేసి వదిలేశారు. సన్నటి ఒళ్లు, ముందుకి సాగిన ముక్కు, కొంచెం వెనక్కి వాలిన పొడుగాటి పొగ గొట్టం, పక్కలంట గుండ్రటి కిటికీలు. ఊళ్లోవాళ్లు పొగోడ అన్నారు. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుండేదట, ఉప్పుగాలికి అక్షరాలు రాలిపోయాయి.

సంతబొమ్మాళి దాటి సముద్రం వైపు వస్తే ఇప్పుడు ఆ ఏట్లో ఖాళీ ఉండదు. తెల్లారేసరికి మోటారు బోట్లు డబడబమంటూ ఒకదాన్నొకటి రాసుకుంటూ లోపలికొస్తాయి. ఐసు లారీలు గట్టు మీద అడ్డంగా నిలబడి హారన్లు కొడతాయి. చేపల్ని వేలం పాడుకునే ఆడవాళ్ల గొంతులు హారన్లని మించి ఉంటాయి. అటు పక్క నౌపడా నుంచి ఉప్పు లారీలు. ఆ హడావుడి మధ్యన పొగోడ, పెళ్లింట్లో ఎవరి తరఫో ఎవరికీ తెలియని ముసలి చుట్టంలాగా, పోటుకి కొంచెం లేచి, పాటుకి కొంచెం దిగి, ఎవరినీ ఏమీ అడక్కుండా ఉండేది. చలికాలంలో తేలినీలాపురం కొంగలు దాని కప్పు మీద వాలి రెక్కలారబెట్టుకునేవి. బోటువాళ్లు దాన్ని చుట్టి వెళ్లేవారే గాని ఎవరూ తగిలించేవారు కాదు. తిత్లీ తుపానుకి గట్టు మీద కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి గాని పొగోడ గొలుసు తెగలేదు.

వేసవి సెలవుల్లో మధ్యాహ్నాలు నేను ఆ ఓడ లోపల పడుకునేదాన్ని. అడుగున బురద వాసన, పాత టేకు వాసన, ఎక్కడినుంచో ఎండు చేపల వాసన. గుండ్రటి కిటికీలోంచి ఏటి వెలుగు లోపలికొచ్చి కప్పు మీద పాకుతూ ఉండేది. దాన్ని చూస్తూ ఉంటే కళ్లు వాటంతటవే మూతపడేవి. అలా సగం నిద్రలో ఓడ కదిలేది. నిజంగానే కదిలేది. కొబ్బరితోటలు వెనక్కి పోయేవి, జీడితోటలు పోయేవి, ఉద్దానం ఇసక దిబ్బలు పోయేవి, డొంకూరు దాటాక ఒడియా మాటలు వినిపించేవి, అదీ దాటిపోయాక ఎవరి మాటా వినిపించేది కాదు. నీళ్ల చప్పుడే. మెలకువొచ్చి చూస్తే ఎదురుగా అమ్మమ్మ ఇల్లే ఉండేది. ఎక్కడికీ వెళ్లనందుకు ఏడుపొచ్చేది, ఇల్లు ఎక్కడికీ పోనందుకు సంతోషమూ వేసేది. ఆ రెండూ కలిసిన రుచి నాకు ఆ తరవాత ఏ ప్రయాణంలోనూ దొరకలేదు.

అమ్మమ్మకి ఆ ఓడ వేరే లెక్క. మా తాత అందులో కొలిమి చూసేవాడు. నిప్పులెగదోసి ఆవిరి పుట్టించడం ఆయన పని. జమీందారుని షికారు తిప్పి తిరిగొచ్చేటప్పుడు, ఏటి మలుపు దగ్గర తాత తాడు లాగి కూత పెట్టేవాడట. ఆ కూత జమీందారు కోసం కాదు, అమ్మమ్మ కోసం. కూత వినిపించగానే ఆమె ఎసరు పెట్టేది. ఓడ మలుపు తిరిగి, గట్టుకి చేరి, తాత నిప్పులు చల్లార్చి, దిగి, ఇంటికొచ్చేసరికి అన్నం వార్చేసి ఉండేది. పెళ్లయిన కొత్తలో ఒకసారి కూత విని, ఓడ ఎలా వస్తుందో చూద్దామని గట్టు మీదకి పరిగెత్తిందట. తాత వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది.

"ఓడ సూడ్డానికి ఊరంతా ఉన్నాది. నాకు వొండి పెట్టడానికి నువ్వొక్కదానివే గదా," అన్నాడట. తిట్టలేదట. అంతే, ఆ తరవాత ఆమె ఎన్నడూ ఓడ రాకని చూడలేదు. కూత వినడం, లోపలికెళ్లడం. ఇదంతా చెప్పేటప్పుడు అమ్మమ్మ మొహం పచ్చగా వెలిగేది. "మరి తాతని ఎదురెళ్లి చూడాలనిపించేది కాదా?" అని నేను రెట్టించి అడిగితే, "కూడు సల్లారిపోదేటే?" అనేది.

తాత జ్వరం వచ్చి పోయాడు. అప్పటికి మా మావ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉన్నాడు. ఓడ కూడా కొంచెం అటూ ఇటూగా ఆ రోజుల్లోనే ఆగిపోయింది. ఆ తరవాత అమ్మమ్మ దాని గురించి చేసింది ఒక్కటే పని. మాది బాప్టిస్టు సంఘం. మట్టలాదివారం నాడు ఆరాధన అయ్యాక, చేతిలోని కొబ్బరి మట్టని అందరూ ఇంటి చూరులో గుచ్చుకుంటే, ఆమె తెచ్చి ఓడ ముక్కుకి కట్టేది. మిగతా ఊరు తమ బోట్లకి పసుపు రాసిన నాడు దీనికీ ఒక బొట్టు పెట్టేది. మట్టా బొట్టూ పక్కపక్కనే ఏడాదంతా ఎండేవి. దానికి ఎవరూ ఏమీ అనుకోలేదు.

తండ్రిని చూడకుండా పుట్టిన మావ, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలరు మనిషి అయ్యాడు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ పొమ్మనలేదు, కాళ్లు అటే నడిచాయంటాడు. జీడి పిక్కల్ని ఆవిరికి ఉడికించే బాయిలరు ముందు జీవితమంతా నిలబడ్డాడు. మా చిన్నప్పుడు ప్రతి పండక్కీ ఒకే మాట అడిగేవాడు.

"అమ్మా, నాను అయ్యలాగుంటానా?"

"నీకంతా మా వోళ్ల పోలికే," అనేది అమ్మమ్మ, మొహం కూడా ఎత్తకుండా. మావ నవ్వేసేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. ఒక్కసారి అవునంటే ఈ ముసల్దాని సొమ్మేం పోయిందని లోపల్లోపల మండిపడేదాన్ని. ఇంట్లో తాత ఫొటో ఒక్కటీ లేదు. అడిగి తెలుసుకోవడం తప్ప మావకి వేరే దారి లేదు.

ఏళ్లు గడిచాయి. నేను కాశీబుగ్గలో టైలరింగు షాపు పెట్టుకున్నాను. మావ ఫ్యాక్టరీ మానేసి అత్తతో అమ్మమ్మ ఇంటికే వచ్చేశాడు. అమ్మమ్మకి కళ్లు మసకేశాయి, ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పోతూ ఉంది. పొయ్యి దగ్గరికి వెళ్తే చీర అంటించుకుంటుందని అత్త ఆమెని వంటింట్లోకి రానివ్వడం మానేసింది. ఆమె పగలంతా అరుగు మీద కూర్చుని, ఏటి వైపు చూస్తూ ఉండేది. ఏం కనిపించేదో ఆమెకే తెలియాలి.

అలాంటప్పుడు ఒక రోజు మావ నా షాపుకొచ్చాడు. మిషను పక్కన స్టూలు మీద కూర్చుని చాలాసేపు కత్తెరతో ఆడుకున్నాడు.

"కోడలా, ఓడ ఎల్లిపోతందట."

ఎవరో విశాఖపట్నం ఆయన కొన్నాడట. రంగులేసి హోటలు ముందు పెట్టుకుంటాడట. పున్నమి పోటుకి నీళ్లు ఎక్కువగా వచ్చినప్పుడు బురదలోంచి లేపి లాక్కుపోతారట. నాకు కుట్టు తప్పిపోయింది. ఎవరి జాకెట్టో గుర్తులేదు, దాని చెయ్యి అడ్డంగా కుట్టేశాను. పోనివ్వు మావా, ఇక్కడుంటే తుప్పు పట్టి పోతుంది గదా అన్నాను.

"పోతే పోనీ. పోయే ముందల దాని కూత అమ్మకి ఒక్కపాలి ఇనిపించాల. అమ్మ సెవి పూర్తిగా పోకముందే."

"నువ్వు కూత ఎప్పుడైనా విన్నావా?"

"నానెక్కడిన్నానే!" అన్నాడు. "నాకూ ఇనాలనుంది."

ఆ మాటతో నేను షాపు మూసేశాను.

ఓడ తీసుకెళ్లడానికి విశాఖపట్నం నుంచి ఒక సూపర్‌వైజరు వచ్చి ఉన్నాడు. బాయిలరుని హోటలుకొచ్చేవాళ్లకి అలాగే చూపించుకోవాలని వాళ్లు అప్పటికే అందులో నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి, కారే చోట అతుకులేసి చూసుకున్నారు. మావ అడిగితే ఆయన తల గోక్కుని, ఇంజను ముట్టుకోవద్దు, కూతకి సరిపడా ఆవిరి చాలు, తానూ దగ్గరే ఉంటానన్నాడు. ఆయనకీ వినాలని ఉన్నట్టుంది. మావ చింతపండు పెట్టి ఇత్తడి కూతగొట్టం చిలుమంతా తోమాడు. తోమాక అది కొత్త చెంబులా మెరిసింది. అమ్మమ్మ చెవి దగ్గర నోరు పెట్టి సంగతి చెప్పాను.

"కూతా? ఎందుకే?" అంది. "ఎవులొత్తన్నారు?"

ఎవరూ రావడం లేదు, ఊరికే నీకు వినిపించడానికి అన్నాను. ఊరికే కూతెయ్యడమేటి, అని తల అటు తిప్పుకుంది. ఆమెకి సంతోషం లేకపోవడం చూసి నాకు ఒళ్లు మండింది.

పోటు రేపనగా, మావ పొద్దున్నే ఓడెక్కాడు. వెంట ఆటోలో పలాస నుంచి తెచ్చుకున్న బస్తాలు. వాటి నిండా జీడి తొక్క. మా పలాసలో జీడి తొక్క లేకుండా ఏదీ ఉడకదు. ఫ్యాక్టరీ బాయిలర్లు దానితోనే మండుతాయి, ఇటుక బట్టీలూ దానితోనే కాలతాయి. తొక్కలో నూనె ఉంటుంది గనక పెట్రోలు పోసినట్టు అంటుకుంటుంది. మావ జీవితంలో బాయిలరు నోట్లో ఇంకోటి వేసి ఎరగడు. ఓడకీ అదే వేశాడు. వద్దనాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. పలాసవాళ్లం, మాకెలా తడుతుంది?

ఫ్యాక్టరీ గొట్టం తాటిచెట్టంత ఉంటుంది, పొగ ఎక్కడో పైకి పోతుంది. షికారు పడవ గొట్టం ఎంత! కాసేపటికి దాంట్లోంచి పొగ మొదలైంది. మొదట ఊరంతా చప్పట్లు కొట్టింది. తరవాత ఆ పొగ చిక్కబడి, నల్లబడి, జిడ్డుగా కిందకి దిగింది. గట్టు మీద అందరికీ కళ్లు మండి నీళ్లు కారాయి. ఇసకలో ఎండబెట్టిన నెత్తళ్ల చేపల మీద మసి వాలింది. కొంగలు లేచిపోయాయి. బోటువాళ్లు తువ్వాళ్లు మూతికి కట్టుకుని తిట్టడం మొదలెట్టారు. చేపలమ్మే ఒక పెద్దావిడ చీర కొంగు నడుముకి దోపుకుని ఓడ దాకా వచ్చేసింది.

"ఓలమ్మ, ఓలమ్మ! ఓడకి జీడి తొక్క ఎవుడైనా ఏత్తాడేట్రా? ఇదేటి మీ పిక్కల ఫ్యాక్టరీ అనుకున్నావా? నా నెత్తళ్లు జీడి కంపు కొట్టిపోనాయి, ఎవుడు తింతాడు, నువ్వు తింతావా?"

మావ ఏదో చెప్పబోయేలోగా గొట్టం లోపల జిడ్డు గడ్డకట్టి, పొగ వెనక్కి తిరిగి, అతని మొహాన్నే కొట్టింది. నిప్పు చచ్చిపోయింది. ఆవిరి ఒత్తిడి చూపించే ముల్లు కొద్దిగా లేచి పడుకుంది. మావ దగ్గుతూ బయటికొచ్చి కూలబడ్డాడు. కళ్లు తప్ప ఒళ్లంతా నలుపు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. రెండూ చేశాను. అరుగు మీద అమ్మమ్మ ముక్కు మూసుకుని, "ఎవుల పిక్కలు మాడిపోతన్నాయే?" అని అడిగింది.

ఆ సాయంత్రం మావ మళ్లీ ఓడెక్కాడు. వెదురు గడకి కొబ్బరి ఈనెల చీపుర్లు కట్టి, గొట్టం లోపలంతా గీకాడు. జీడి మసి అరచేతులకి పట్టి, కిరసనాయిలు పోసి రుద్దినా పోలేదు. జీడి నలుపు అంత తొందరగా పోదు. పలాసలో ఏ పిక్కలొలిచే ఆడదాని వేళ్లు చూసినా తెలుస్తుంది. "అయ్య కూతని నానే మింగీసినాను కోడలా," అన్నాడు. అతని చొక్కా గుండీ ఊడి ఉంటే కుట్టి పెట్టాను.

పొద్దున్న చూస్తే ఓడ పక్కన సరుగుడు దుంగలు పేర్చి ఉన్నాయి. వాటి మీద ఎండిన కొబ్బరి డొక్కలు. నిన్న తిట్టిన పెద్దావిడ ఇంకో మోపు మోసుకొస్తూ ఉంది. నెత్తళ్లు ఏమైపోయాయని నేను అడగబోతే, "నోరుముయ్యే, ముందు పొయ్యెలిగించు," అంది. మరో నలుగురు ఆడవాళ్లు వెనకాలే వచ్చారు. ఊరికి కోపం వస్తే ఒక పూట ఉంటుంది, అంతకన్నా ఉంచుకోవడానికి అక్కడ ఎవరికీ తీరిక లేదు.

ఈసారి పొగ పల్చగా, నీలంగా లేచింది. సరుగుడు వాసన నాకు చిన్నప్పటి మధ్యాహ్నాల్ని తెచ్చిపెట్టింది. ఓడ ఒళ్లు నెమ్మదిగా వేడెక్కింది. చేత్తో ముట్టుకుంటే లోపల ఏదో గుడగుడమంటోంది. బోట్ల మోటార్లు ఒకటొకటే ఆగాయి, ఆపమని ఎవరు చెప్పారో తెలియదు. ఐసు లారీ డ్రైవరు కూడా దిగి నిలబడ్డాడు. పోటు నీళ్లు గట్టు అంచుల దాకా వచ్చాయి. అంత రద్దీ ఏరు అలా నోరుమూసుకుని ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిరి ముల్లు లేస్తూ ఉంటే సూపర్‌వైజరు చెయ్యి ఊపాడు. మావ తాడు పట్టుకుని మా ఇంటి అరుగు వైపు చూశాడు. నేనూ అటే చూశాను. ఊరంతా అటే చూసింది.

లాగాడు.

మొదట నీళ్లు చిమ్మాయి. తరవాత పడిశం పట్టిన మనిషి గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు. ఆ తరవాత వచ్చింది కూత. రైలు కూతలాగా ఉండదది. సన్నగా మొదలై, లావై, చివర్లో కొంచెం కిందకి జారింది. ఏటి మీద నుంచి కొబ్బరితోటల్లోకి పోయి, అక్కడ కాసేపు తిరిగి, మళ్లీ మా దగ్గరికొచ్చింది. ఎన్నో ఏళ్ల కిందట సగం నిద్రలో కదిలిన ఓడ ఇదేనని, ఇన్నాళ్లకి తిరిగొచ్చిందని అనిపించింది.

అమ్మమ్మ తలెత్తలేదు. ఓడ వైపు చూడలేదు. మావ మళ్లీ లాగాడు, ఈసారి ఎక్కువసేపు. ఆమె గోడ పట్టుకుని నెమ్మదిగా లేచింది. లేచి, మాకు వీపు తిప్పి, ఇంట్లోకి వెళ్లిపోయింది.

మావ చేతిలో తాడు వదులైపోయింది. "ఇనపళ్లేదు," అన్నాడు. అతని మొహం నేను చూడలేకపోయాను. గట్టు మీద ఆడవాళ్లు కొంగులు మూతికి అడ్డం పెట్టుకున్నారు. నాకు కోపం వచ్చింది. చెవుడు మీద, ముసలితనం మీద, ముఖ్యంగా అమ్మమ్మ మీద. కనీసం పొగైనా చూడొచ్చు గదా, ఇంతమంది ఇంత చేస్తే ఎండ పడిందని లోపలికెళ్లిపోతుందా? చెవిలో అరిచి చెబుదామని విసవిసా ఇంట్లోకి వెళ్లాను.

వంటింట్లో గ్యాసు పొయ్యి ఆరిపోయి ఉంది. పెరటి తలుపు తీసి ఉంది. పెరట్లో, నీళ్లు కాచుకునే కట్టెల పొయ్యి ముందు అమ్మమ్మ చతికిలబడి గొట్టంతో ఊదుతోంది. మసక కళ్లలో పొగకి నీళ్లు. పొయ్యి మీద గిన్నె, గిన్నెలో ఎసరు. పక్కన చాటలో బియ్యం. అత్త ఒక మూల చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఏటి సేత్తన్నావు అమ్మమ్మా?"

చెవి దగ్గర అడిగినా ఆమె నా వైపు తిరగలేదు.

"కూతయింది కదే. ఎసరు పెట్టొద్దేటి? కూతేసినోడు ఆకలితో రాడేటి?"

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆ తరవాత లేచి పరిగెత్తి మావని పిలుచుకొచ్చాను. ఏం చెప్పానో గుర్తులేదు. చెప్పలేదేమో, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చానేమో.

అన్నం ఒక వైపు మాడింది. కూర రాత్రి మిగిలిన కూరే. మావ పెరట్లోనే కంచం ముందు కూర్చున్నాడు. బయట ఏట్లో కేకలు, గొలుసులు విప్పిన చప్పుడు, లాగే బోటు మోటారు. పోటు నిండింది, పొగోడ వెళ్తోంది. చూడ్డానికి ఊరంతా ఉంది. మేమెవరమూ లేవలేదు.

మావ కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అమ్మమ్మ వంగి, అతని చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. అరచెయ్యంతా జీడి నలుపు.

"మీ అయ్యా ఇంతే," అంది. "ఎంత కడిగినా మసి సేతుల్తోటే కూకునీవోడు. సేతులు కూడా ఇయ్యే."

మావ నమలడం ఆపేశాడు. "నాకు మీ వోళ్ల పోలికన్నావు కదే అమ్మా?" అని మెల్లగా అడిగాడు.

ఆ మాట ఆమెకి వినిపించలేదు. గిన్నె దగ్గరికి జరిగి, ఇంకో గరిటె అన్నం వేసింది.